స్టీరింగ్ పట్టి చూద్దాం – 3వ పాఠం: 120కీ 120కీ తేడా ఎంత?

పోయిన పాఠంలో సీటు ఎత్తు, క్లచ్ బరువు చూసి రమ్మన్నాను. చూసే ఉంటారు. ఇప్పుడు అసలు చిక్కుకొద్దాం. రెండు కార్లు బ్రోషర్‌లో కవలల్లా ఉంటే వాటిలో మన కారు ఏదో ఎలా తేల్చుకోవాలి?

మన జంట హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, టాటా ఆల్ట్రోజ్ రేసర్. రెండూ 120 పీఎస్, అంటే ఇంజన్ శక్తికి కొలత, హార్స్‌పవర్ లాంటిదే. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, హ్యుందాయ్‌కి 172 న్యూటన్ మీటర్లు, టాటాకి 170. పొడవు 3,995 మిల్లీమీటర్లు ఒకటి, 3,990 ఇంకొకటి. ఇదేదో కాకతాళీయం అనుకోకండి. మన దేశంలో పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ దాటకపోతేనే చిన్న కారు కింద పన్ను తగ్గుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ జీఎస్టీ 18 శాతం. అందుకే హ్యుందాయ్ 998 సీసీతో, టాటా 1,199 సీసీతో ఆ గీత లోపలే సర్దుకున్నారు. ఇద్దరివీ మూడు సిలిండర్లే, ఇద్దరికీ టర్బోయే, అంటే ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే చక్రం. విదేశీ వీడియోల్లో కనిపించే 204 పీఎస్ ఐ20 ఎన్‌తో మాత్రం పోల్చుకోవద్దు. దానిది 1.6 లీటర్ ఇంజన్. పేరులో పక్కన ‘లైన్’ చేరగానే కారే మారిపోతుంది.

ఇక పెన్ను తీయండి. పీఎస్‌ని 7,024తో గుణించి, ఆ పీఎస్ వచ్చే ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లతో) భాగిస్తే అక్కడ మిగిలిన టార్క్ ఎంతో తెలుస్తుంది. హ్యుందాయ్ తన 120ని 6,000 దగ్గర ఇస్తుంది, అంటే అక్కడ టార్క్ 140. టాటా 5,500 దగ్గరే ఇస్తుంది, అక్కడ 153. కింది వైపు చూస్తే హ్యుందాయ్ పూర్తి టార్క్ 1,500కే మొదలు, టాటాది 1,750కి. 4,000 దాకా ఇద్దరిదీ నిలకడగానే ఉంటుంది. అంటే టాటాలో గేరు కాస్త ముందే మార్చుకోవచ్చు, హ్యుందాయ్‌ని ఇంకొంచెం పైకి లాగాలి. కాగితం చెప్పేది ఇంతే, నిజానికి ఇది గోరంత తేడా.

కాగితం చెప్పనిది ఒకటుంది: టైము. 1,500 దగ్గర 172 అని రాశారంటే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, టర్బో తిరుగుడు అందుకున్నాక వచ్చే లెక్క అది. మీరు తొక్కిన క్షణానికీ, వీపు సీటుకి ఆనే క్షణానికీ మధ్య ఎంతసేపు పట్టిందో ఏ బ్రోషర్‌లోనూ గడి ఉండదు.

దీన్ని నేను డబ్బు పోసి నేర్చుకున్నా. కొన్నేళ్ల క్రితం ఓ షోరూమ్ కుర్రాడు నన్ను కాలనీలో నాలుగు సందులు తిప్పాడు. సైలెన్సర్ మోత విని పడిపోయాను. బండి ఇంటికొచ్చిన రెండో వారం సింహాచలం ఘాట్ ఎక్కుతున్నాం. ఏసీ వేసి ఉంది, వెనక సీట్లో అమ్మా, పిన్నీ. మలుపులో వేగం తగ్గింది, రెండో గేరు, ఆర్‌పీఎం ముల్లు 1,500 దగ్గర. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాను. ఏం లేదు. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. అప్పుడొచ్చింది ఊపు, అదీ ఒక్కసారిగా. పిన్ని ఒళ్లో ప్రసాదం పొట్లం కాస్తా కిందికి జారింది. తర్వాత ప్రతి మలుపులోనూ మొదటి గేరుకి దిగాల్సొచ్చింది.

కాబట్టి మీ రూటు మీరే చెప్పండి. ఎక్కుడు ఉన్న రోడ్డు ఒకటి, ఖాళీ హైవే ముక్క ఒకటి. ఏసీ వేయండి, పక్కన ఫ్రెండునీ, వెనక ఇంకొకరినీ కూర్చోబెట్టుకోండి. ఎక్కుడులో రెండో గేరులో 1,500 దగ్గర నిలకడగా పట్టి, ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఊపు అందేదాకా ఫ్రెండు ఫోన్‌లో టైము పట్టాలి. మూడుసార్లు చేయండి, మొదటిది లెక్కలోంచి తీసేయండి, కాలు కుదరడానికే అది సరిపోతుంది. తర్వాత హైవే మీద మూడో గేరులో గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లో చూడండి. వెనకా ముందూ ఎవరూ లేనప్పుడే సుమా.

40 వేగం దగ్గర ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుందో కూడా రాసుకోండి. అదే గేరు, అదే వేగం, కానీ ఒక కారులో ముల్లు పైనుంటే దాని గేరింగ్ పొట్టిదన్నమాట, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఇంజన్ టార్క్ 172 అయినా 170 అయినా చక్రానికి చేరేది గేరు హెచ్చించాకే. ఆ రెండు న్యూటన్ మీటర్ల గొడవ ఇక్కడే తేలిపోతుంది.

రెండు కార్లూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద నడపండి. వారం తేడాతో నడిపితే గుర్తుండేది కారు కాదు, ఆ రోజు మీ మూడ్. ఐ20 అయితే మాన్యువలే అడగండి. 2021లో వచ్చిన వాటిలో క్లచ్ పెడల్ లేని ఐఎంటీ ఉండేది, 2023లో మోడల్‌కి రూపు మార్చిన ఫేస్‌లిఫ్ట్‌తోనే మామూలు ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఆల్ట్రోజ్ వెతికేవాళ్లూ జాగ్రత్త: అందులోనే ఐటర్బో అనే రకం ఉంది, దానికి 110 పీఎస్, అయిదు గేర్లు. స్టిక్కర్లు అంటించినంత మాత్రాన రేసర్ అయిపోదు.

ఇంటిపని: 2020 తర్వాతి ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) 110 పీఎస్‌ని 5,000 నుంచి 5,500 దాకా ఇస్తుంది. రెండు చివర్లా టార్క్ కట్టి తీసుకురండి. వచ్చే పాఠం బ్రేకుల మీద. ఐ20 ఎన్ లైన్‌కి వెనక కూడా డిస్కులే, రేసర్‌కి డ్రమ్ములు. దిగుడు రోడ్డు మీద వాటి సంగతి చూద్దాం.