మిశ్రమ యోని ఇన్ఫెక్షన్‌కు లోపల పెట్టే మాత్రలను ఎలా వాడాలి?

విపరీతమైన దురదతో పాటు విరిగిన పాలలాంటి తెల్లబట్ట అవుతుంటే కాండిడా అనే ఫంగస్‌ను, పలుచని బూడిదరంగు స్రావంతో నీచు వాసన వస్తుంటే బాక్టీరియా పెరగడం వల్ల వచ్చే బాక్టీరియల్ వజైనోసిస్‌ను వైద్యులు ముందుగా అనుమానిస్తారు. రెండూ కలిసి ఉన్నప్పుడు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్లోట్రిమజోల్ ఫంగస్‌నే చంపుతుంది కాబట్టి దురద తగ్గినా వాసన పోదు. అందుకే బాక్టీరియాను చంపే క్లిండమైసిన్‌తో క్లోట్రిమజోల్‌ను, లేదా బాక్టీరియాపై పనిచేసే మెట్రోనిడజోల్‌తో ఫంగస్‌ను చంపే మైకొనజోల్‌ను కలిపిన మాత్రలను ఇస్తారు. మందు మొదలుపెట్టకముందే గైనకాలజిస్టు చేత స్రావాన్ని పరీక్ష చేయించుకోవడం మంచిది. యోనిలో పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 4.5 దాటితే ఫంగస్ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

మాత్రను రాత్రి పడుకునే ముందు పెట్టుకోవాలి, లేచి తిరుగుతుంటే అది జారిపోతుంది. మూత్రవిసర్జన చేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, అప్లికేటర్‌తో (మాత్రను లోపలికి నెట్టే గొట్టం) గానీ వేలితో గానీ ఇబ్బంది లేనంత లోతుకు నెట్టాలి. పొద్దున లోదుస్తులపై తెల్లటి పొడి కనిపించడం మామూలే, పలుచని ప్యాడ్ పెట్టుకుంటే సరిపోతుంది. యోని లోపల పెట్టుకునే టాంపన్ మాత్రం వాడకూడదు, అది మందును పీల్చేస్తుంది.

క్లోట్రిమజోల్ ఒక్కటే అయితే 100 మిల్లీగ్రాముల మాత్రను 6 లేదా 7 రాత్రులు, 200 అయితే 3 రాత్రులు, 500 అయితే ఒక్కసారే వాడతారు. మిశ్రమ మాత్రలకు చీటీలో రాసిన రోజులే లెక్క. దురద తగ్గగానే చాలామంది మాత్రలను మానేస్తారు, తిరగబెట్టడానికి అదొక కారణం. కోర్సు నెలసరి లోపే ముగిసేలా చూసుకోవాలి. బయటి చర్మానికి 1 శాతం క్లోట్రిమజోల్ క్రీమును పలుచగా రాయవచ్చు గానీ, తామరకని ఇంట్లో ఉంచుకున్న స్టెరాయిడ్ కలిసిన ట్యూబును అక్కడ రాయనే రాయకూడదు. లోపల సబ్బుతోనూ డెటాల్‌తోనూ కడగరాదు.

చికిత్స ముగిసేదాకా కలయిక వద్దు. ఈ మందులు కండోమ్ రబ్బరును బలహీనపరచవచ్చు, క్లిండమైసిన్ వాడినవారిలో ఈ ప్రభావం కోర్సు ముగిశాక కూడా కొన్ని రోజులు ఉంటుంది.

గర్భిణులు వైద్యురాలు చెప్పనిదే ఏదీ వాడకూడదు. ఫంగస్‌కు వారికి సాధారణంగా ఫ్లూకొనజోల్ మింగే మాత్రకు బదులు 7 రాత్రులు యోనిలో పెట్టే మందునే ఇస్తారు, అప్లికేటర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నురగతో పసుపుపచ్చని స్రావం ఉంటే అది ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి వల్ల, కలయిక ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి లోపల పెట్టే మాత్ర చాలదు, నోటి మందు వాడాలి, భర్తకూ చికిత్స జరగాలి. జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు, రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ఏడాదిలో 3 సార్లు, అంతకుమించి ఫంగస్ వస్తే షుగర్ పరీక్ష తప్పనిసరి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు మూత్రంలోకి చక్కెరను పంపుతాయి కనుక వాటిని వాడేవారిలో ఈ బాధ ఎక్కువ. అలాంటివారు ఆ మాత్రలను సొంతంగా ఆపేయకుండా, రాసిన వైద్యునికే ఈ సంగతి చెప్పాలి.