ట్రాఫిక్‌లో ఆగితే చాలు, పాత కారు వేడెక్కిపోయేది

మా కారు పాతదే, కానీ ఇంటిల్లిపాదీ దాని మీదే ఆధారపడ్డాం. అందుకే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరకు వెళ్లినప్పుడు బాగా టెన్షన్ పడ్డాను. ఇంజిన్ వేడిని బయటికి పంపే రేడియేటర్ మార్చాలని మెకానిక్ అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకంటే హైవే మీద ముల్లు మధ్యలోనే ఉండేది, బండి ఆగితేనే పైకి పోయేది. రేడియేటర్ పూడుకుపోతే వేగంగా వెళ్లినప్పుడే ఎక్కువ వేడెక్కాలి. ఆగినప్పుడు మాత్రమే అంటే గాలి అందడం లేదన్నమాట.

బానెట్ తీసి చూస్తే ఇంజిన్ కాగిపోతున్నా ఫ్యాన్ తిరగడం లేదు. ఏసీ వేయగానే తిరిగింది! అంటే మోటార్ బాగానే ఉంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, రేడియేటర్ కింద ఉన్న ఫ్యాన్ స్విచ్ (వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసేది) కనెక్టర్ ఊడదీసి, రెండు వైర్లనూ చిన్న తీగతో కలిపి కీ తిప్పాను. ఫ్యాన్ తిరిగింది. పోయింది ఆ చిన్న స్విచ్చే.

కొత్తది బిగించి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి పోశాను. హీటర్ ఫుల్‌లో పెట్టి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపాను. గాలి లోపల చిక్కుకుంటే మళ్లీ అదే గొడవ.

రేడియేటర్ మూత రబ్బరు కూడా పగిలి ఉంది, మార్చాను. ఒత్తిడి నిలవకపోతే కూలెంట్ త్వరగా మరుగుతుంది. వేడి మీద మాత్రం ఆ మూత ఎవరూ తీయకండి, ఒళ్లు కాలిపోతుంది.

ఇప్పుడు ఎంతసేపు ఆగినా ముల్లు కదలడం లేదు.