కామా పాఠాలు – 4: రెండు వాక్యాల నడుమ

ఈ పాఠంలో ఇంగ్లీషు విశేషణాల మధ్య వచ్చే కామాను గురించి చెప్పవలసి ఉంది. కానీ గత పాఠానికి మీరు రాసి పంపిన అభ్యాసాలు చదివిన తరువాత దానిని వాయిదా వేయక తప్పలేదు. రెండు పూర్తి వాక్యాలను ‘అండ్’తో కలిపినప్పుడు దాని ముందు కామా ఉంచాలని నేను చెప్పగా, ‘అండ్’ కనిపించిన ప్రతిచోటా కామా ఉంచాలని చాలామంది గ్రహించారు. పూర్తి వాక్యమంటే ఏమిటో అప్పుడే వివరించి ఉండవలసింది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

ఒకరు ఇలా రాశారు: ‘ద లస్కర్ ఓపెన్డ్ ద షట్టర్, అండ్ వెంట్ హోమ్.’ కాలువ లాకుల దగ్గర పనిచేసే లస్కరు షట్టరు ఎత్తి ఇంటికి వెళ్ళాడని దీని భావం. ‘వెంట్ హోమ్’ అన్న భాగాన్ని విడిగా చదవండి. ఎవరు వెళ్ళారో అందులో లేదు. కర్త లేని ఆ ముక్క దానంతట అది వాక్యం కాదు, కాబట్టి అక్కడ కామా ఉండకూడదు. ‘ద లస్కర్ ఓపెన్డ్ ద షట్టర్, అండ్ ద వాటర్ రీచ్డ్ అవర్ ఫీల్డ్స్ బై ఈవినింగ్’ అన్నప్పుడు మాత్రం ‘ద వాటర్’ అనే కొత్త కర్తా, దానికి తగిన క్రియా వచ్చాయి గనుక కామా కావలసిందే. నేను ‘అండ్’ మీద వేలు అడ్డం పెట్టి కుడివైపు మిగిలినదాన్ని మాత్రమే చదువుతాను. అది వాక్యంగా నిలిస్తే కామా పెడతాను, నిలవకపోతే పెట్టను. రెండు వాక్యాలూ మరీ చిన్నవైతే కామా మానినా తప్పు లేదు.

వస్తువుల పేర్లు వరుసగా చెప్పేటప్పుడు కామా ఎక్కడ రావాలో మీకు తెలిసినదే. చివరి ‘అండ్’ ముందు కూడా నేను కామా పెడతాను, పెట్టని వారిదీ ఒప్పే. ఒక రచనలో ఒకే పద్ధతి పాటిస్తే చాలు.

ఇంతకంటే నన్ను బాధపెట్టిన పొరపాటు మరొకటి ఉంది. ‘అండ్’ను తీసివేసి కామాను మిగిల్చినవారు ఉన్నారు: ‘ద వర్క్ ఎట్ ధవళేశ్వరం బిగాన్ ఇన్ 1847, ఇట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852.’ కాటన్ కట్టించిన ఆనకట్టకు ఆ సంవత్సరాలు సరైనవే గాని, వాక్యం సరైనది కాదు. ‘పని 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది’ అని తెలుగులో రాస్తే ఎవరూ తప్పు పట్టరు. మన వాక్యంలో సాధారణంగా క్రియ చివరకు వస్తుంది గనుక ‘మొదలైంది’ అనగానే ఒక మాట ముగిసిందని చెవికి తెలిసిపోతుంది. తాళపత్రాల మీద కామా లేకుండానే మన పెద్దలు చదువుకోగలిగారు. ఇంగ్లీషులో క్రియ తరువాత కూడా కర్మ, చోటు, కాలం వస్తూనే ఉంటాయి, కాబట్టి వాక్యం ముగిసిందని చెప్పే పని గుర్తులమీద పడుతుంది. కామా ఒక్కటే ఆ పని చేయలేదు. ఫుల్‌స్టాప్ గాని, సెమికోలన్ గాని, లేదా కామాతో పాటు అండ్, బట్, ఆర్, నార్, ఫర్, సో, యెట్ అనే ఏడింటిలో ఒకటి గాని కావాలి. నేను ఎక్కువగా ఫుల్‌స్టాప్‌నే ఎంచుకుంటాను.

‘హవెవర్’ ఆ ఏడింటిలో లేదన్నది గట్టిగా పట్టుకోండి. ‘బట్’కూ ‘హవెవర్’కూ మనం ‘అయితే’ అనే అర్థం చెప్పుకుంటాము గనుక రెండింటినీ ఒకేలా వాడుతున్నాము. ‘ద ఫెర్రీ వాజ్ రెడీ, హవెవర్, ద రివర్ వాజ్ ఇన్ ఫ్లడ్’ అన్నది తప్పు. పంటు సిద్ధంగా ఉండడం ఒక వాక్యం, గోదావరి వరదలో ఉండడం మరొక వాక్యం. ‘ద ఫెర్రీ వాజ్ రెడీ. ద రివర్, హవెవర్, వాజ్ ఇన్ ఫ్లడ్’ అంటే ఒప్పు. రెండుచోట్లా ‘హవెవర్’కు అటూ ఇటూ కామాలే ఉన్నాయి, చిక్కంతా అక్కడే. ఆ మాటనూ దాని కామాలనూ తీసి చూడండి. రెండవదానిలో ‘ద రివర్ వాజ్ ఇన్ ఫ్లడ్’ అనే ఒకే వాక్యం మిగులుతుంది. మొదటిదానిలో రెండు వాక్యాలు ఏ గుర్తూ లేకుండా ఒకదానికొకటి తగులుకుంటాయి. ‘దేర్‌ఫోర్’ కూడా ఇటువంటిదే. ‘ద కెనాల్స్ ఆర్ క్లోజ్డ్ ఇన్ సమ్మర్, దేర్‌ఫోర్, ద సిల్ట్ కెన్ బి రిమూవ్డ్’ అని రాయకూడదు. ‘సమ్మర్’ తరువాత ఫుల్‌స్టాప్ పెట్టండి, లేదా ‘దేర్‌ఫోర్’నూ దాని తరువాతి కామానూ తీసివేసి, ‘సమ్మర్’ తరువాతి కామాను ఉంచి ‘సో’ రాయండి. ‘వీ లోడెడ్ ద కోకోనట్స్, దెన్ వీ క్రాస్డ్ ద వశిష్ఠ’ అన్నదానిలో ‘దెన్’ ముందు ‘అండ్’ చేర్చండి. ‘దెన్’ కాలాన్ని సూచిస్తుంది గాని వాక్యాలను కలపదు.

అభ్యాసం: మీ తోటలో గాని, పొరుగు తోటలో గాని కొబ్బరి దింపు జరిగిన రోజును గురించి ఇంగ్లీషులో 15 వాక్యాలు రాయండి. వాటిలో ‘అండ్’ ఆరుసార్లు, ‘హవెవర్’ రెండుసార్లు రావాలి. మొదట ఒక్క కామా కూడా పెట్టకుండా రాసి, మర్నాడు వేరే రంగు సిరాతో కామాలు పెట్టి, ప్రతి కామా పక్కన అది ఎందుకు వచ్చిందో తెలుగులో రాయండి. కారణం రాయలేకపోయిన వాక్యాలను మాత్రమే నాకు పంపండి.