ప్రాగ్‌లో భోజనం అడగడానికి ఒకే చెక్ భాషా వాక్యం
చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌కు వెళ్లేవారు పదాల పట్టిక మొత్తం కంఠస్థం చేయనవసరం లేదు. రెస్టారెంట్‌లోకి అడుగుపెట్టగానే ‘దొబ్రీ దెన్’ అని పలకరించి, ‘దామ్ సి’ అన్న మాటకు వంటకం పేరు, చివర ‘ప్రొసీమ్’ చేర్చితే ‘నేను ఫలానాది తీసుకుంటానండీ’ అన్నంత మర్యాదైన వాక్యం తయారవుతుంది. అయితే ‘అ’కారంతో ముగిసే స్త్రీలింగ పదాలు ఇక్కడ ‘ఉ’కారాంతాలవుతాయి కనుక, మెనూలో ‘పొలేఫ్క’ అని కనిపించే సూప్‌ను ‘దామ్ సి పొలేఫ్కు, ప్రొసీమ్’ అని అడగాలి. మన ‘ను’ విభక్తి చేసే పనే అది. శాకాహారులు ‘బెజ్ మస’, అంటే మాంసం లేకుండా, అన్న మాటను తప్పక నేర్చుకోవాలి. కూరగాయల సూప్‌లోనూ మాంసం ఉడికించిన రసం ఉండవచ్చు కాబట్టి ముందే అడగడం మేలు. బిల్లు కావాలంటే ‘జప్లతీమ్, ప్రొసీమ్’ అంటే చాలు.