పోస్టర్‌ను ముందు ఏ4 కాగితం మీద చదివి చూడండి

కాన్ఫరెన్స్‌లో మీ పరిశోధనను చూపించే పోస్టర్ తయారు చేస్తున్నారా? ప్రింటింగ్ షాపుకు ఫైలు పంపే ముందు, పోస్టర్ మొత్తాన్ని ఒక ఏ4 కాగితం మీదకు కుదించి ప్రింట్ తీయండి. చేత్తో పట్టుకుని చదవండి. మీ పోస్టర్ ఏ0 సైజు అనుకుంటే, దాని కొలత 841 × 1189 మిల్లీమీటర్లు. ఏ4లోకి వచ్చేసరికి పొడవు, వెడల్పు రెండూ నాలుగో వంతు అవుతాయి. 24 పాయింట్ల అక్షరం 6 పాయింట్లకు దిగుతుంది. కళ్లు చిట్లించకుండా చదవగలిగితే, మీటరున్నర దూరంలో నిలబడ్డవాళ్లూ పోస్టర్‌ను హాయిగా చదువుతారు.

గ్రాఫుల దగ్గర ఇంకాస్త ఆగి చూడండి. పరిశోధన పేపర్ కోసం గీసిన గ్రాఫునే తెచ్చి అతికిస్తాం కాబట్టి, దాని అంచున ఉండే అంకెలు చీమల్లా కనిపిస్తాయి. నా మొదటి పోస్టర్‌లో జరిగింది అదే. వచ్చిన ప్రతి ఒక్కరూ "ఈ గీత ఏమిటి?" అని అడుగుతుంటే, అసలు ఫలితం చెప్పడానికే టైం చాలలేదు. గ్రాఫును పెద్ద అక్షరాలతో మళ్లీ గీయడానికి ఒక పూట పడుతుంది, కానీ ఆ పూట తప్పకుండా కేటాయించండి.

షాపుకు ఇచ్చేది పీడీఎఫ్ అయి ఉండాలి, ఫాంట్లు అందులోనే ఎంబెడ్ అయి, అంటే ఫైలులోనే చేర్చి, ఉండాలి. లేకపోతే తెలుగు ఒత్తులు, గ్రీకు గుర్తులు షాపు కంప్యూటర్‌లో చెదిరిపోవచ్చు. ఫైలును ముందే వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. పోస్టర్ అంటించే బోర్డు నిలువా, అడ్డమా అన్నది నిర్వాహకుల మెయిల్‌లో చూసుకున్నాకే డిజైన్ మొదలుపెట్టండి.