నాలుగు నెలల బాకీ, బిల్లు మీద ఒక్క లైను

గుంటూరు యార్డులో మిర్చి కొని, తొడిమలు తీయించి, కారం పట్టి ప్యాకెట్లు వేసే చిన్న యూనిట్ మాది. కాయకు డబ్బు వెంటనే కట్టాలి. కారం తీసుకున్న విజయవాడ హోల్‌సేల్ షాపాయన మాత్రం "వచ్చే వారం చూద్దామండీ" అంటూ నాలుగు నెలలు తిప్పాడు. 1,80,000 రూపాయలు! కరెంటు బిల్లు కూడా అప్పు చేసి కట్టాను.

ఆడిటర్ గారు అడిగిన మొదటి మాట, "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?" అంటే చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు. లేదు. ఆధార్, పాన్‌తో ఆ రాత్రే ఫోన్లో చేసేశాను. పైసా ఖర్చు లేదు, డబ్బులడిగే ఏజెంట్లను నమ్మకండి. పాత బాకీకి అది గట్టిగా నిలవదన్నారాయన. దానికి షాపు ముందు కూర్చుని మూడు వాయిదాల్లో రాబట్టుకున్నాను.

కొత్త బిల్లులన్నిటి మీదా ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చు వేయించాను. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. దాటితే చక్రవడ్డీ. వడ్డీకి ఎవరూ బెదరలేదు లెండి. పనిచేసింది ఆదాయపు పన్ను మెలిక: గడువు దాటిన బాకీ మార్చి 31కి అలాగే ఉంటే, కొన్నవాళ్లు ఆ ఏడాది దాన్ని ఖర్చుగా చూపలేరు, పన్ను పెరుగుతుంది. డబ్బు రావాల్సినవాళ్లు తయారీ, సేవల చిన్న యూనిట్లయితేనే ఇది. కొని అమ్మేవాళ్లకు రావాల్సిన బాకీకి వర్తించదు.

మొన్న మార్చిలో ఆ షాపాయనే ఫోన్ చేసి, "మీ బిల్లులేమైనా మిగిలాయా అండీ?" అన్నాడు.