వేరుశనగ జన్యువృక్షాలు కొట్లాడుకుంటే నేను చేసింది

అనంతపురంలో మా పీజీ పిల్లల ప్రాజెక్టుకు వేరుశనగే తీసుకున్నాం. ఈ జిల్లాలో ఇంకేం తీసుకుంటారు! డేటాబేస్ నుంచి సీక్వెన్సులు (డీఎన్ఏ అక్షరాల వరసలు) దించుకుని, ఒక్కో జన్యువుకు ఒక్కో వృక్షం, అంటే ఏ జాతి దేనికి దగ్గరి చుట్టమో చూపే బొమ్మ, గీశారు. ఒకదాంట్లో వేరుశనగ అరాకిస్ డ్యురానెన్సిస్ అనే అడవి జాతి పక్కన చేరింది, ఇంకోదాంట్లో అరాకిస్ ఇపాయెన్సిస్ అనే మరో అడవి జాతి పక్కన. "సార్, ఏది కరెక్టు?" అని ఒకటే టెన్షన్.

ముందు అలైన్‌మెంట్, అంటే సీక్వెన్సులను ఒకదాని కింద ఒకటి పేర్చిన పట్టిక, తెరిచి వరస వరసా చూశాం. శుభ్రంగానే ఉంది. కొమ్మలను ఎంత నమ్మవచ్చో వందకు ఇంతని చెప్పే బూట్‌స్ట్రాప్ విలువలు రెండింట్లోనూ వందకు దగ్గరే. అంటే డేటా చాలక వచ్చిన తేడా కాదు.

వేరుశనగ ఆ రెండు అడవి జాతుల సంకరం. వాటికి 20 క్రోమోజోములు, దీనికి 40. అందుకే చాలా జన్యువులకు ఎ (డ్యురానెన్సిస్‌ది), బి (ఇపాయెన్సిస్‌ది) అని రెండు ప్రతులుంటాయి. ఏ ప్రతి చేతికొస్తే వృక్షం అటే మొగ్గుతుంది. 2016లో ఆ రెండు జాతుల జీనోములూ (మొత్తం డీఎన్ఏ) వెలువడ్డాయి గనక పని తేలికైంది. ప్రతి సీక్వెన్సునూ బ్లాస్ట్ అనే ప్రోగ్రాముతో ఆ రెండింటితో పోల్పించి, ప్రతులు విడదీసి, వేర్వేరు మొక్కలన్నట్టు పేర్లు పెట్టి మళ్లీ గీయించాను. గొడవ చాలావరకు సర్దుకుంది. క్లోరోప్లాస్ట్ జన్యువులు మాత్రం డ్యురానెన్సిస్ వైపే. అవి తల్లి నుంచే వస్తాయి, తల్లి మొక్క అదే మరి.

మొండికేసిన కొన్నింటిని తీసేద్దామన్నారు పిల్లలు. నేనొప్పుకోలేదు, అలా కలవకపోవడం మామూలే. మనిషి, చింపాంజీ, గొరిల్లాలనే తీసుకోండి, జీనోములో సుమారు 30 శాతం చోట్ల జన్యువృక్షం జాతుల అసలు చుట్టరికం చూపే జాతివృక్షంతో కలవదు. ఎ ముక్క బి స్థానంలో కూర్చున్నవి విడిగా రాసిపెట్టి, మిగతావన్నీ జన్యువృక్షాల నుంచి జాతివృక్షం కట్టే ఆస్ట్రల్ ప్రోగ్రాముకు ఇచ్చాం.